పాత ఫోర్‌స్ట్రోక్ ట్రయల్స్ బైక్ నడపడం ఎలా: ట్యూనింగ్ నుంచి సెక్షన్ దాకా

ట్రయల్స్ అంటే రాళ్లు, బురద, ఎక్కుళ్ల మీదుగా కాలు నేలకి పెట్టకుండా నెమ్మదిగా బండి నడిపే పోటీ; అందులో టేపుతో, గుర్తులతో హద్దులు పెట్టిన ఒక్కో చిన్న దారిని సెక్షన్ అంటారు. పాత ఫోర్‌స్ట్రోక్ ట్రయల్స్ బైక్ చేతికొచ్చినవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇవి. రాయి దగ్గరికి రాగానే ఇంజన్ దగ్గినట్టు చేసి ఎందుకు ఆగిపోతోంది? కిక్ ఎందుకు వెనక్కి తంతోంది? టూస్ట్రోక్ మీద బాగా పనిచేసిన పద్ధతి దీని మీద ఎందుకు పనిచేయడం లేదు?

కారణాలు వేరువేరే అయినా జవాబు చాలావరకు ఒక్కటే. ఈ బండికి ఏ పనైనా కాస్త ముందుగా చెప్పాలి. థ్రాటిల్ తిప్పగానే ఎగిరే ఇంజన్ కాదిది. బరువైన ఫ్లైవీల్, పెద్ద స్ట్రోక్, పాతకాలపు కార్బ్యురేటర్ కలిసి మీరు అడిగింది ఒక క్షణం ఆలస్యంగా ఇస్తాయి. ఇస్తే మాత్రం ఆగకుండా, జారకుండా ఇస్తాయి. కింది అంశాలన్నీ ఆ క్షణాన్ని లెక్కలోకి తీసుకుని రాసినవే.

## 1. ముందు మీ బండి ఏ కోవదో చూసుకోండి

బండి ఎక్కేముందే తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

గేర్ ఏ కాలికి? 1950లు, 60ల బ్రిటిష్ బళ్లలో, అంటే ఏరియల్ హెచ్‌టి5, ట్రయంఫ్ టైగర్ కబ్, ట్రయల్స్ బుల్లెట్ లాంటివాటిలో, గేర్ కుడికాలికి, వెనక బ్రేకు ఎడమకాలికి ఉంటాయి. హోండా టీఎల్125 లాంటి జపాన్ బళ్లలో ఇప్పటి బళ్లలాగే గేర్ ఎడమవైపు. కొత్తవాళ్లు దిగుడులో కంగారుపడి బ్రేకు అనుకుని గేర్ తొక్కేది ఇక్కడే. చదునైన నేల మీద పాదానికి అలవాటయ్యేదాకా రాళ్ల జోలికి వెళ్లకండి.

ఇగ్నిషన్ ఏది? హ్యాండిల్ మీద నిప్పురవ్వ పడే సమయాన్ని (టైమింగ్‌ని) ముందుకీ వెనక్కీ జరిపే అడ్వాన్స్–రిటార్డ్ లివర్ ఉందా, లేక ఇంజన్‌లోపలే తిరిగే బరువులతో టైమింగ్ దానంతటదే మారుతుందా? స్టార్ట్ చేసే పద్ధతి దీన్నిబట్టే ఉంటుంది.

ఆయిల్ ఎక్కడుంటుంది? చాలా బ్రిటిష్ సింగిల్స్‌లో (ఒకే సిలిండర్ బళ్లలో) ఆయిల్ వేరే ట్యాంకులో ఉంటుంది. బండి వారాల తరబడి కదలకుండా ఉంటే అది పంపు గుండా మెల్లగా క్రాంక్‌కేసులోకి దిగిపోతుంది. ట్యాంకులో మట్టం తగ్గిందని పైనుంచి ఇంకా పోశారంటే ఇంజన్ తిరిగాక ఆ ఆయిలంతా పొంగి బయటికొస్తుంది. ఇంజన్‌ని కాసేపు తిప్పి, ట్యాంకులోకి ఆయిల్ తిరిగొచ్చాకే కొలవండి.

## 2. ఇంజన్‌ని నెమ్మదిగా తిరిగేలా చేయడం

నడపడం కన్నా ముందు కుదరాల్సింది ఇదే. ఐడిల్ నిలకడగా లేని బండి మీద ఎంత సాధన చేసినా వృథాయే.

వరుస తప్పకుండా చేయండి:

1. టాపెట్లు (వాల్వుల్ని తెరిచే భాగాలు) ముందు. చల్లటి ఇంజన్ మీద, మీ మోడల్ మాన్యువల్‌లో ఉన్న గ్యాప్ పెట్టండి. వేరే మోడల్ అంకెలు పనికిరావు.
2. పాయింట్లు (ఇగ్నిషన్ కాంటాక్టులు) శుభ్రం చేసి, గ్యాప్ సరిచేసి, ఆ తర్వాత టైమింగ్ చూడండి. పాయింట్ల గ్యాప్ మారితే టైమింగ్ కూడా మారుతుంది కాబట్టి దీన్ని తిరగేసి చేయకూడదు.
3. కార్బ్యురేటర్ విప్పి పైలట్ జెట్ (నెమ్మదిగా తిరిగేటప్పుడు పెట్రోలు వచ్చే రంధ్రం) దారి మొత్తం కడగండి. ఆ రంధ్రం చాలా సన్నది. ఇక్కడ కాస్త చెత్త అడ్డుపడితే నెమ్మదిగా తిరగాల్సినప్పుడే ఇంజన్ ఆగిపోతుంది.
4. కార్బ్యురేటర్ బిగించే అంచు చదునుగా ఉందో లేదో స్కేలు ఆనించి చూడండి. పాత ఆమల్ కార్బ్యురేటర్లలో రెండు నట్లూ అతిగా బిగించడం వల్ల ఆ అంచు వంగిపోతుంది. ఆ సందులోంచి దొంగగాలి లోపలికి పోతుంది.
5. ఇంజన్‌ని బాగా వేడెక్కనిచ్చి, స్లోస్క్రూతో ఐడిల్ కాస్త పెంచండి. ఎయిర్‌స్క్రూని కొద్దికొద్దిగా అటూఇటూ తిప్పుతూ ఇంజన్ వేగంగా, సమంగా తిరిగే చోట ఆపండి. మళ్లీ స్లోస్క్రూతో ఐడిల్ దించండి. రెండుమూడుసార్లు ఇలా చేస్తే కుదురుకుంటుంది. ఆమల్ మోనోబ్లాక్‌లో ఎయిర్‌స్క్రూ లోపలికి తిప్పితే పెట్రోలు పాలు పెరుగుతుంది, బయటికి తిప్పితే తగ్గుతుంది.

చివరగా ఒక చిన్న పరీక్ష. ఇంజన్ ఐడిల్‌లో ఉండగా హ్యాండిల్‌ని ఒకసారి ఎడమకి, ఒకసారి కుడికి చివరిదాకా తిప్పండి. శబ్దం ఏమాత్రం మారకూడదు. ఇంజన్ స్పీడు పెరిగిందంటే థ్రాటిల్ కేబుల్ ఎక్కడో లాగుతోందని అర్థం. బిగువైన మలుపులో ఇంజన్ తనంతట తనే ఎగిరి మిమ్మల్ని టేపు బయటికి తోసేస్తుంది. కేబుల్ దారి మార్చండి, కొద్దిగా లూజు ఉంచండి.

ఐడిల్ ఒకసారి ఎక్కుతూ ఒకసారి దిగుతూ ఉంటే అందరూ వెంటనే కార్బ్యురేటర్ మీద పడతారు. ఆటోమేటిక్ అడ్వాన్స్ ఉన్న బండి అయితే ముందు ఆ బరువుల స్ప్రింగులు చూడమంటాను. స్ప్రింగులు సాగిపోతే ఐడిల్‌లోనే టైమింగ్ ముందుకు జరుగుతుంది, ఇంజన్ వేగం పెరుగుతుంది, మళ్లీ పడిపోతుంది. ఎయిర్‌స్క్రూ ఎంత తిప్పినా ఈ జబ్బు తగ్గదు.

## 3. టైర్లు, క్లచ్, బ్రేకులు

గాలి. ట్రయల్స్ టైర్‌లో గాలి చాలా తక్కువ ఉండాలి. వెనక 4 నుంచి 5 పీఎస్ఐ, ముందు 5 నుంచి 6 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టండి. బరువైన 350, 500 సీసీ బండికి, బరువైన మనిషికి ఇంకొంచెం కావాలి. రాయి తగిలినప్పుడు రిమ్ కొట్టుకుంటున్న శబ్దం వస్తే అర పీఎస్ఐ పెంచండి. మామూలు గేజీలో ఈ అంకెలు సరిగా తెలియవు. 15 పీఎస్ఐ వరకే చూపించే గేజీ వాడండి.

రిమ్ లాక్, అంటే టైరుని రిమ్‌కి అదిమి పట్టే బిగింపు. ట్యూబు ఉన్న టైర్‌లో ఇంత తక్కువ గాలితో రిమ్ లాక్ లేకుండా తిరిగితే టైరు రిమ్ మీద జరుగుతుంది, వాల్వు మెడ తెగుతుంది. వాల్వు వంకరగా నిలబడి ఉందంటే ఆ పని అప్పటికే మొదలైనట్టు.

క్లచ్. కొన్నాళ్లు కదలని బండికి క్లచ్ ప్లేట్లు అతుక్కుపోతాయి. స్టార్ట్ చేయకముందే లివర్ పూర్తిగా నొక్కి కిక్‌ని మెల్లగా తొక్కండి. ప్లేట్లు విడిపోతే కిక్ తేలిగ్గా దిగుతుంది. ఇది చేయకుండా మొదటి గేర్ వేస్తే బండి ముందుకు దూకుతుంది.

బ్రేకులు. ఇవి డ్రమ్ములు. కొత్త డిస్కుల్లా ఒక వేలితో ఆగవు, నీళ్లు తగిలితే అసలే పట్టవు. షూలు అరిగాయేమో చూడండి, లివర్ దగ్గర అనవసరమైన లూజు తీసేయండి.

బయల్దేరేముందు చూసుకోవాల్సినవి:

- ఆయిల్ మట్టం
- రెండు టైర్ల గాలి, రిమ్ లాక్ నట్లు
- స్పోకులు: వేలితో మీటుతూ పోతే లూజైనది శబ్దంలోనే తెలిసిపోతుంది
- చైన్ లూజు, చైన్ టెన్షనర్
- ఫుట్‌రెస్ట్ బోల్టులు
- ఇంజన్ కింది రక్షణ ప్లేటు బోల్టులు
- మణికట్టుకి తగిలించే తాడున్న కిల్ స్విచ్: పడిపోతే తాడు లాగి ఇంజన్ ఆగాలి
- హెల్మెట్, గ్లవ్స్, చీలమండ దాటి పైకి ఉండే గట్టి బూట్లు

## 4. కిక్ కొట్టే పద్ధతి

పెద్ద సింగిల్‌ని బలంతో స్టార్ట్ చేయలేం. పిస్టన్ సరైన చోట ఉంటే మామూలు మనిషి కూడా ఒక్క కిక్కుతో లేపగలడు.

1. పెట్రోల్ ట్యాప్ తెరవండి. ఇంజన్ చల్లగా ఉంటే కార్బ్యురేటర్ టిక్లర్ (పెట్రోలు పొంగించే చిన్న బొత్తం) నొక్కి, పెట్రోలు చెమ్మ కనిపించగానే వదిలేయండి. వేడి ఇంజన్‌కి టిక్లర్ అక్కర్లేదు.
2. ఇగ్నిషన్ లివర్ ఉంటే కొద్దిగా రిటార్డ్ చేయండి.
3. కిక్‌ని మెల్లగా నొక్కండి. గట్టిగా ఎదురు తగిలే చోట ఆగండి.
4. వాల్వ్ లిఫ్టర్ లేదా డీకంప్రెసర్ లివర్ (సిలిండర్‌లో ఒత్తిడి వదిలేది) నొక్కి, పిస్టన్‌ని ఆ ఎదురు దాటించి కొంచెం కిందికి పంపండి. లివర్ వదిలేయండి.
5. కిక్‌ని పూర్తిగా పైకి రానివ్వండి.
6. థ్రాటిల్ ముట్టుకోకుండా పైనుంచి కిందిదాకా ఒక్క నిండు తొక్కు. సగంలో కాలు తీయకండి.

కిక్ వెనక్కి తన్నేది ఎక్కువగా రెండు సందర్భాల్లో. ఒకటి, టైమింగ్ మరీ ముందుకి ఉండటం. రెండు, తొక్కు సగంలో ఆపేయడం. రిటార్డ్ చేసి నిండుగా తొక్కినా తంతోందంటే ఇక ఆ రోజు కిక్ కొట్టకండి, టైమింగ్ చూసుకోండి. చీలమండ విరగడానికి ఒక్క తన్ను చాలు.

స్టార్ట్ అయ్యాక వెంటనే రేస్ ఇవ్వకండి. నిమిషం రెండు నిమిషాలు తనంతట తను తిరగనివ్వండి. లివర్ ఉన్నవాళ్లు దాన్ని తిరిగి ముందుకు జరపడం మరిచిపోవద్దు. రిటార్డ్‌లోనే నడిపితే ఇంజన్ బలం తగ్గి, విపరీతంగా వేడెక్కుతుంది.

## 5. ఇంజన్‌ని వినడం నేర్చుకోండి

ఈ బండి విలువ అసలు తెలిసేది ఇక్కడే. కాబట్టి ఈ సాధన వదలొద్దు.

సింగిల్ సిలిండర్ ఫోర్‌స్ట్రోక్ రెండు చుట్లకి ఒక్కసారి మండుతుంది. నిమిషానికి 1000 చుట్లు తిరిగితే మండేది 500 సార్లు, అంటే సెకనుకి ఎనిమిది చిల్లర. అదే చుట్లకి టూస్ట్రోక్ దానికి రెట్టింపు మండుతుంది. ఫోర్‌స్ట్రోక్‌లో ఒక్కో మంటకీ వెనక టైరు నేలని ఒకసారి తోస్తుంది. తర్వాతి తోపు వచ్చేలోగా రబ్బరు మళ్లీ నేలని పట్టుకునే వ్యవధి దొరుకుతుంది. తడి రాళ్ల మీద, బురదలో పట్టు తప్పకుండా ఎక్కడానికి ఈ వ్యవధి చాలా తోడ్పడుతుంది.

చదునైన చోట మొదటి గేర్‌లో, క్లచ్ పూర్తిగా వదిలి, మనిషి నడిచే వేగంతో వెళ్లండి. సైలెన్సర్ నుంచి ఒక్కో దెబ్బా విడివిడిగా వినిపించాలి. థ్రాటిల్ ఇంకా తగ్గించండి. దెబ్బలు ఒకదానికొకటి దూరమై, చైన్ ఊగడం మొదలై, బండి చిన్నగా కుదుపుతుంది. దానికి ఒక్క వెంట్రుకవాసి పైన మీ ఇంజన్ హద్దు. ఆ శబ్దాన్ని చెవికి పట్టించుకోండి. సెక్షన్‌లో స్పీడు చూసుకునే తీరిక ఉండదు, చెవే చెప్పాలి.

ఇప్పుడు అదే హద్దులో ఉండగా థ్రాటిల్‌ని ఒక్కసారిగా సగం దాకా తిప్పి చూడండి. చాలా పాత బళ్లు దగ్గి ఆగిపోతాయి. కార్బ్యురేటర్‌లో గాలి ఒక్కసారిగా పెరుగుతుంది, పెట్రోలు అంత తొందరగా రాదు. మెల్లగా, ఒకే తీరుగా తిప్పితే అదే ఇంజన్ నిండుగా లాగుతుంది. రాయి దగ్గర ఇంజన్ ఆగిపోయేవాళ్లలో ఎక్కువమంది చేసే పొరపాటు ఇదే. ముందు చక్రం రాయికి తగిలాక థ్రాటిల్ తిప్పుతారు. చక్రం ఇంకా అర మీటరు దూరంలో ఉండగానే తిప్పడం మొదలవ్వాలి.

## 6. నిలబడే తీరు, మలుపులు

కూర్చోవద్దు. పాదాల మధ్యభాగం ఫుట్‌రెస్ట్‌ల మీద, మోకాళ్లు కొద్దిగా వంచి, నడుము పాదాలకి సూటిగా, మోచేతులు కాస్త బయటికి. చూపు ముందు చక్రం మీద కాదు, వెళ్లాల్సిన చోట. అరచేతులు నొప్పెడుతున్నాయంటే మీ బరువు హ్యాండిల్ మీద పడుతోందన్నమాట.

మలుపులో బండి లోపలికి వాలుతుంది, మీ ఒళ్లు బయటికి ఉంటుంది, బరువు బయటివైపు ఫుట్‌రెస్ట్ మీద పడుతుంది.

పాత బళ్లకి హ్యాండిల్ తిరిగేది తక్కువ, చక్రాల మధ్య దూరం ఎక్కువ. కొత్త ట్రయల్స్ బండి తిరిగే మలుపులో ఇది తిరగదు. ముందు చక్రాన్ని ఎగరేసి పక్కకి పెట్టడానికి ప్రయత్నించకండి, ఈ బరువుతో అది కుదరదు. మలుపుకి ముందే బయటి అంచు దాకా వెళ్లి, వెడల్పుగా లోపలికి రండి.

సాధన:

- ఐదు మీటర్ల వెడల్పు గుండ్రంలో మొదలుపెట్టి, రెండువైపులా తిరుగుతూ క్రమంగా తగ్గించండి.
- తర్వాత ఎనిమిది అంకె ఆకారం.
- ఇంజన్ ఒకే తీరుగా తిరుగుతుండగా వెనక బ్రేకుని కొద్దిగా తాకిస్తూ వేగం తగ్గించండి. క్లచ్ ముట్టుకోకూడదు.

ఎప్పుడూ హాఫ్ క్లచ్‌లో నడపడం టూస్ట్రోక్ అలవాటు. పాత కార్క్ ప్లేట్లు ఆ వేడికి తట్టుకోవు, జారడం మొదలవుతుంది. క్లచ్‌ని బయల్దేరడానికి, ఇంజన్ ఆగిపోబోతుంటే కాపాడటానికి ఉంచుకోండి.

## 7. ఎక్కుడు

గేర్ కింద చదునులోనే వేసుకోవాలి. మధ్యలో మార్చబోతే బండి ఆగిపోతుంది.

పొడవైన మట్టి ఎక్కుడుకి నేను రెండో గేరే మేలంటాను. మొదటి గేర్‌లో చక్రం సులువుగా గిర్రున తిరిగి పట్టు పోతుంది. రెండో గేర్‌లో ఇంజన్ నెమ్మదిగా కొడుతూ లాగుతుంది. కావాల్సిన వేగం కిందే తెచ్చుకోండి, ఎక్కేటప్పుడు థ్రాటిల్‌ని పెంచడం కన్నా తగ్గించడమే ఎక్కువ ఉండాలి.

వెనక చక్రం జారుతుంటే థ్రాటిల్ కొద్దిగా మూసి, నడుము వెనక్కి తీసుకోండి. ముందు చక్రం లేస్తుంటే నడుము ముందుకి. థ్రాటిల్ మాత్రం టక్కున మూయకండి.

మధ్యలో ఆగిపోతే ముందు బ్రేకు ఒక్కదాన్నే నమ్మకండి. ఎక్కుడులో ముందు చక్రం మీద బరువు ఉండదు కాబట్టి అది పట్టినా బండి వెనక్కి జారుతుంది. ఇంజన్ ఆగిపోనివ్వండి, గేర్‌లోనే ఉంచి క్లచ్ వదిలేయండి. కంప్రెషన్ బండిని ఆపుతుంది. తర్వాత ఎగువవైపుకి దిగి, బండిని మెల్లగా అడ్డంగా తిప్పుకోండి.

## 8. దిగుడు

ఫోర్‌స్ట్రోక్‌కి ఇంజన్ బ్రేకింగ్ బలంగా ఉంటుంది. ఇది వరమే, కానీ జారుడు నేల మీద ఆ బలానికే వెనక చక్రం బిగుసుకుపోయి పక్కకి కొట్టుకుపోతుంది. బ్రేకు తొక్కకపోయినా ఇలా జరుగుతుంది కాబట్టి చాలామందికి కారణం అర్థం కాదు.

- మొదటి గేర్, థ్రాటిల్ మూసి, నడుము బాగా వెనక్కి.
- ముందు బ్రేకు రెండు వేళ్లతో, క్రమంగా.
- వెనక చక్రం జారితే థ్రాటిల్ పిసరంత ఇవ్వండి, చక్రం మళ్లీ తిరుగుతుంది. అది చాలకపోతే క్లచ్ కొద్దిగా నొక్కండి.
- క్లచ్ పూర్తిగా నొక్కి దిగకండి. డ్రమ్ బ్రేకులు ఒంటరిగా ఆ బరువుని ఆపలేవు.

## 9. దుంగ, రాయి, మెట్టు

పది పన్నెండు సెంటీమీటర్ల దుంగతో మొదలుపెట్టండి. పాత సస్పెన్షన్ ఎక్కువ మునగదు కాబట్టి ఆ పని మీ మోకాళ్లు చేయాలి.

1. నేరుగా, నడక వేగంతో రండి. ఏటవాలుగా వస్తే చక్రం జారుతుంది.
2. ఒక మీటరు ముందు మోకాళ్లు వంచి ముందు ఫోర్క్‌ని కిందికి అదమండి.
3. అర మీటరు ముందు నుంచి థ్రాటిల్‌ని మెల్లగా తిప్పుతూ, మోకాళ్లు పైకి చాపండి. ముందు చక్రం తేలికవుతుంది.
4. చక్రం దుంగ పైకి ఎక్కగానే థ్రాటిల్ మూయండి.
5. మోకాళ్లు మళ్లీ వదులుగా వంచి, వెనక చక్రాన్ని దానంతట దాన్ని దొర్లి ఎక్కనివ్వండి.

నాలుగో అడుగులో థ్రాటిల్ మూయకపోతే వెనక చక్రం దుంగకి కొట్టుకుని బండి వెనకభాగం పైకి తంతుంది. కింద ప్లేటు ఆనుకుంటే ఎత్తు మీ బండికి ఎక్కువని అర్థం, ఇంకో దారి వెతకండి.

## 10. నీళ్లు, బురద

లోతు కర్రతో చూడండి. మొదటి గేర్, ఒకే తీరు థ్రాటిల్. బయటికొచ్చాక బ్రేకుల్ని తేలిగ్గా తాకిస్తూ కొంత దూరం వెళ్తే డ్రమ్ములు ఆరతాయి. ఆ పని అయ్యేదాకా దిగుడుకి వెళ్లకండి. బురదలో పై గేర్, తక్కువ థ్రాటిల్.

## 11. సెక్షన్‌ని కాలినడకన చదవడం

పోటీలో సెక్షన్ అంటే గుర్తులు పెట్టిన చిన్న దారి. ఎర్ర గుర్తు మీ కుడివైపు ఉండాలి. కాలు ఒకసారి పెడితే 1, రెండుసార్లకి 2, మూడు లేదా ఎక్కువకి 3, దాటలేకపోతే 5. తక్కువ మార్కులవాళ్లే గెలుస్తారు. బండి ఆగితే ఎలా లెక్కించాలన్నది ఈవెంట్‌ని బట్టి మారుతుంది, ఉదయమే అడిగి తెలుసుకోండి.

నడిచేటప్పుడు:

- చివరి నుంచి మొదటికి కూడా ఒకసారి నడవండి. బయటికెళ్లే దారి చూస్తే లోపలికి ఎలా రావాలో తెలుస్తుంది.
- మలుపులో వెనక చక్రం లోపలివైపు నుంచి వస్తుంది, దానికీ చోటు చూడండి.
- థ్రాటిల్ ఎక్కడ తిప్పాలో, ఎక్కడ మూయాలో ఒక్కో గుర్తు పెట్టుకోండి: ఒక వేరు, ఒక తెల్ల రాయి.
- కాలు ఎక్కడ పెట్టక తప్పదో ముందే ఒప్పుకోండి. అక్కడ ఒక మార్కు పోతే పోయింది, పంతానికి పోయి ఐదు తెచ్చుకోకండి.

ఖాళీ దొరికితే మిగతా ఫోర్‌స్ట్రోక్ వాళ్లని కళ్లు మూసుకుని వినండి. బాగా నడిపేవాళ్ల ఇంజన్ శబ్దం అడ్డంకికి ముందు పెరుగుతుంది, అడ్డంకి మీద తగ్గుతుంది. ఎడీ లెజ్యూన్ 1982, 83, 84లలో వరసగా ప్రపంచ ట్రయల్స్ ఛాంపియన్ అయ్యింది ఫోర్‌స్ట్రోక్ హోండా మీదే. పాత వీడియోలు దొరికితే ఆయన థ్రాటిల్ ఎప్పుడు తిప్పుతున్నాడో చూడండి.

## 12. తరచూ వచ్చే ఇబ్బందులు, మందులు

వేడెక్కాక స్టార్ట్ కాదు: పెట్రోలు ఎక్కువై ఉంటే ట్యాప్ మూసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, డీకంప్రెసర్ నొక్కి పదిసార్లు కిక్ తిప్పండి. తర్వాత మామూలు పద్ధతి. చల్లారాకే స్టార్ట్ అవుతోంది, ప్లగ్ దగ్గర నిప్పురవ్వ నీరసంగా ఉందంటే కాయిల్ లేదా మాగ్నెటో కండెన్సర్ చూపించండి.

న్యూట్రల్ దొరకదు, బండి పాకుతుంది: క్లచ్ పూర్తిగా విడిపోవడం లేదు. ముందు కేబుల్ లూజు, తర్వాత స్ప్రింగులు సమంగా ఉన్నాయా అన్నది చూడండి.

మలుపులో ముందు చక్రం తోసుకుపోతోంది: మీరు వెనక్కి వాలుతున్నారు. నడుము ముందుకి తీసుకోండి.

చేతులు త్వరగా నొప్పెడుతున్నాయి: హ్యాండిల్‌ని బిగించి పట్టుకుంటున్నారు, లేదా హ్యాండిల్ మరీ కిందికి ఉంది.

## 13. తిరిగొచ్చాక

- ఇంజన్ వేడిగా ఉండగానే ఆయిల్ చూడండి. చాలా పాత ఇంజన్లకి కాగితం ఫిల్టర్ ఉండదు, జల్లెడ మాత్రమే. కాబట్టి ఆయిల్ తరచూ మార్చడమే దానికి శ్రీరామరక్ష.
- ప్రెషర్ నీళ్లు హబ్బులు, మాగ్నెటో, కార్బ్యురేటర్ మీదికి కొట్టకండి.
- ఎయిర్ ఫిల్టర్ స్పాంజి కడిగి, ఆరబెట్టి, ఫిల్టర్ ఆయిల్ పట్టించండి.
- ట్యాప్ మూసి, కార్బ్యురేటర్‌లో పెట్రోలు అయిపోయేదాకా ఇంజన్ తిప్పండి.
- ఫైబర్‌గ్లాస్ ట్యాంకు అయితే పెట్రోలు పూర్తిగా తీసేయండి. ఇథనాల్ కలిసిన పెట్రోలు ఆ రెసిన్‌ని మెత్తబరుస్తుంది, కరిగిన జిగురు పైలట్ జెట్‌లోనూ వాల్వుల మీదా పేరుకుంటుంది.
- నట్లు, స్పోకులు మరోసారి చూసి, లూజైనవి ఆ సాయంత్రమే బిగించేయండి.